కలం మూత పెట్టినాయన

"ఈసారి సార్ ఫోన్ రాలేదేంది?" అంది మా ఇంటామె, పాపకు జడ వేస్తూ.

ఏ సార్ అని నేను అడగలేదు. మా ఇంట్లో సార్ అంటే ఒక్కరే, పాలసీ సార్. ఏడేళ్లుగా కిస్తు కట్టే తేదీకి ముందురోజు, పొద్దున ఏడు కొట్టేసరికి ఆయన ఫోన్ వచ్చేది. అదీ నాకు కాదు, ఆమెకు. కట్టేది నేను, సంతకం నాది, పోతే పోయే ప్రాణం నాది. ఫోన్ మాత్రం ఆమెకు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఒకసారి అడిగేశాను కూడా, "పాలసీ నాది గద సార్, నాకు చెయ్యరాదా?" అని.

"పాలసీ నీది గాదు తమ్మీ, నీ మీద. రెండిటికి ఫరక్ లేదా?" అన్నాడు.

ఇప్పుడు ఆ తేదీ దాటి రెండు రోజులైంది. కట్టడం సెల్లులోనే అయిపోతుంది కాబట్టి కట్టేశాను. ఆయన గుర్తు చేయాల్సిన పని లేదు. అయినా ఏదో వెలితిగా అనిపించి నేనే ఫోన్ చేశాను. ఎత్తింది ఆడగొంతు, ఆయన ఇంటామెది.

"సార్ ఉన్నరా అమ్మా?"

"సార్ సచ్చిపోయిండు తమ్మీ. ఇరువై దినాలైంది. నిద్రల్నే గుండె ఆగింది" అందావిడ. "మీది మిర్యాలగూడెమా? ఎవరెవరికి ఫోన్ చెయ్యాల్నో రాసిపెట్టిండు. నాకే చేతగాలే. ఏమనుకోవద్దని మీ ఇంటామెకు చెప్పు" అంది.

ఇంకొకరి ఇల్లయితే "సార్ లేరు" అనేవారు, "మనకు దూరమైండు" అనేవారు, ఫోన్ రెండు చేతులు మారేది. ఆ ఇంట్లో అట్లా కుదరదు. ఆ మాటను చుట్టూ తిప్పకుండా అనడం ఆయన బతుకుతెరువు. ఇంట్లోవాళ్లకు కూడా నేర్పి పోయినట్టున్నాడు.

ఆయనది సూర్యాపేట. వారం మొదట్లో అక్కడే తిరిగేవాడు. గురువారం కోదాడ, శనివారం మిర్యాలగూడ. పాత బండి, దానికి వేలాడే రెగ్జిన్ సంచి, చొక్కా జేబులో మూడు సిరా కలాలు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. నవ్వడం తక్కువ. ఏ ఊరికి పోతే ఆ ఊరి మాట మాట్లాడేవాడు. మా దగ్గర "జర సూడు తమ్మీ" అనే మనిషి కోదాడ పోతే "కొంచెం చూడండి బాబూ" అనేవాడట. అక్కడ "చచ్చిపోతే ఎలాగండీ?" మా దగ్గర "సచ్చిపోతే ఎట్లనే?" అక్షరం మారేది కానీ అడగడం మానేవాడు కాదు.

అందుకే ఆయన బండి చప్పుడు వింటే చాలామంది లోపలికి తప్పుకునేవారు. నేను పనిచేసే వడ్ల మిల్లులో ఒకతను ఇంట్లో కొడుక్కి తొట్టెల వేడుక చేసుకుంటుంటే ఈయన వచ్చి పిల్లవాణ్ని ఎత్తుకుని, దీవించి, ఐదు నిమిషాల తర్వాత తండ్రిని పక్కకు పిలిచి, "నువ్వు పోతే వీనికెవరున్నరు?" అని అడిగాడు. చావు కబురు చల్లగా చెప్పడం అంటే ఇదేనని ఆ మనిషి ఇప్పటికీ తిడుతుంటాడు. పాలసీ మాత్రం తీసుకున్నాడు.

ఇంకో వింత కూడా ఉండేది. మా హమాలీ మేస్త్రీది పాలకీడు. తన ఊర్లో పది మంది సిద్ధంగా ఉన్నారు, ఒకసారి రండి అని పిలిస్తే, "యాడికన్న వస్త గాని పాలకీడుకు రాను" అని ఇంకో ఏజెంటు నంబరు రాసిచ్చాడు. పది పాలసీలు! కాళ్ల దగ్గరికి వచ్చిన లక్ష్మిని తోసేసే ఏజెంటును మేము అప్పటిదాకా చూడలేదు. ఆ ఊర్లో ఎవరితోనో గొడవ పడి ఉంటాడని నవ్వుకున్నాం.

మా పాపకు మూడో నెల నడుస్తున్నప్పుడు నేనే ఆయనను పిలిచాను. అప్పటిదాకా ఎవరు పాలసీ అన్నా దులిపేసుకున్న మనిషిని. పిల్ల పుట్టాక ఏమైందో, మిల్లు కాటా దగ్గర లారీల తూకం జోకుతూ జోకుతూ ఉన్నట్టుండి భయం వేసేది. నా భయానికి ఒక కారణం ఉంది. అది అప్పటికి మా అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దుమీకి రండి సార్ అంటే రానన్నాడు. దీపాలు పెట్టే వేళ తథాస్తు దేవతలు తిరుగుతారు, అప్పుడు అనకూడని మాట అంటే నిజమైపోతుందని మన ఆడవాళ్ల నమ్మకం.

"మీరు నమ్ముతరా సార్?"

"నేను నమ్మ. మీ ఇంటామె నమ్ముతదేమో. భయపడ్డ మనిషికి కాయితం అర్థం గాదు."

శనివారం పొద్దున్నే వచ్చాడు. రెండు గదుల కిరాయి ఇల్లు, ఉన్నది రెండే కుర్చీలు. ఒకటి ఆయనకు వేసి ఒకదాంట్లో నేను కూర్చున్నాను. మా ఇంటామె పాపను ఎత్తుకుని లోపలి గుమ్మంలో నిలబడింది. ఆయన కూర్చోలేదు. తన కుర్చీని ఆమె వైపు తిప్పాడు.

"కూసో చెల్లె."

"పర్వాలేదు సార్, మీరు కూసోండి."

"నేను మాట్లాడేది ఆయన లేని ఇంటి గురించి. గా ఇంట్ల ఉండేది నువ్వు. నువ్వు నిలబడితే నేనెవరికి చెప్పాలె?"

ఆమె కూర్చుంది. పని పూర్తయ్యేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. ఏ ఇంట్లోనైనా అంతేనని తర్వాత తెలిసింది.

"ఎందుకు తీసుకుంటున్నవ్ పాలసీ?" అని నన్ను అడిగాడు.

"అదే సార్... రేపు నాకేమన్న అయితే..."

"ఏమయితది?"

"జరగరానిది జరిగితే..."

"జరగరానిదేంది? జరమా, లగ్గమా?"

మా ఇంటామె నవ్వు ఆపుకుంది. నాకు తిక్క రేగింది.

"నేను సచ్చిపోతే!"

"పూరా చెప్పు."

"నేను సచ్చిపోతే వీళ్లకెట్ల?"

ఆమె నవ్వు మాయమైంది. పాపను కొంచెం దగ్గరికి అదుముకుంది. ఆయన అప్పుడు జేబులోంచి ఒక కలం తీసి మూత విప్పాడు. ఆ వాక్యం మన నోటితో అనిపించేదాకా ఆయన మూత విప్పడు.

నేను అడిగింది పాప పేరు మీద పాలసీ. మిల్లులో అందరూ అదే తీసుకున్నారు, చదువుకు కొంత, పెళ్లికి కొంత వస్తుందని.

"పాప సంపాదిస్తున్నదా?" అన్నాడు.

"మూడు నెలల పిల్ల సార్."

"మరి గా పిల్లకు పాల డబ్బా తెచ్చేదెవరు? వాడు పోతే డబ్బా ఆగుతది. రాస్తే వాని మీద రాయాలె."

తక్కువ కిస్తుతో పెద్ద మొత్తం వచ్చేది ఒకటి చూపించాడు. నేను పోతే ఇంటికి డబ్బు వస్తుంది. ఉంటే గడువు తీరాక నయాపైసా రాదు. నాకు మింగుడు పడలేదు.

"అంటే బతికుంటే నాకు నష్టమే గద సార్?"

అప్పుడు నవ్వాడు. "రోజు పొద్దుమీకి నువ్వు ఇంటికి తిరిగొస్తున్నవ్ గద తమ్మీ. గంతకంటే ఏం తిరిగి రావాలె?"

దానివల్ల ఆయనకు వచ్చే కమీషన్ పిల్లల పాలసీ కంటే చాలా తక్కువని మా మిల్లులోనే ఒకతను తర్వాత చెప్పాడు. అప్పుడు నాకు తెలియదు. సరే రాయండి అన్నాను.

పేరు, పుట్టిన తేదీ, నా తర్వాత డబ్బు ఎవరికి అన్నవి రాశాడు. రాస్తూ రాస్తూ తలెత్తి, మంచం తలాపున మేకుకు వేలాడుతున్న తాళంచెవుల గుత్తి వైపు చూశాడు. పాతవి, ఇనుపవి, ఏడో ఎనిమిదో ఉంటాయి.

"గీ ఇంటికి ఒక్కటే తాళం గద. గన్ని చెవులేంది?"

"దిష్టికి సార్. మా అత్త తగిలిచ్చింది" అంది మా ఇంటామె.

"ఊఁ" అన్నాడు. మళ్లీ ఫారం మీదికి వంగాడు. బీపీ ఉందా, షుగరుందా, ఆపరేషన్లు అయ్యాయా అని అడిగాడు. కాసేపు ఆలోచించి లేదన్నాను.

"ఫిట్స్ గిట్ల వచ్చినయా ఎన్నడన్న?"

"లేదు" అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. కలానికి మూత పెట్టాడు. "ఇంకు అయిపోయింది తమ్మీ. మళ్లొస్త" అని ఫారం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

బండి చప్పుడు సందు మలుపు తిరిగాక మా ఇంటామె అంది, "జేబుల ఇంక రెండు కలాలున్నయి గద?"

తొమ్మిదో తరగతిలో మొదటిసారి వచ్చాయి నాకు ఫిట్స్. బడి ప్రార్థనలో పడిపోయాను. పడిపోయినవాడి చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని మావైపు నమ్మకం. అప్పటి నుంచి మా అమ్మ నేను ఎక్కడ పడుకుంటే అక్కడ ఆ గుత్తి తగిలించేది. దవాఖానలో మందులు రాసిచ్చారు. తగ్గాయి, ఆగాయి. పెళ్లి చూపులప్పుడు మా అమ్మ ఒకటే మాట అంది, "చెప్తే పిల్లనెవరిస్తరు రా?" నేను నోరు మూసుకున్నాను. మాత్రలు మిల్లు డెస్కులో దాచి, పగటిది మధ్యాహ్నం, రాత్రిది సాయంత్రమే అక్కడ వేసుకునేవాణ్ని. పెళ్లయి ఏడాది దాటింది, పిల్ల పుట్టింది, చెప్పే వేళ రాలేదు. వేళ రాకపోవడమేమిటి, నేను రానివ్వలేదు.

ఆ రోజు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టకుంటే నిజం చెప్పేవాణ్ని కదా అని ఆయన మీద కోపం తెచ్చుకున్నాను. అదీ అబద్ధమే. ఒంటరిగా అడిగినా లేదనే అనేవాణ్ని.

తర్వాతి శనివారం ఆయన మిల్లు కాటా దగ్గరికి వచ్చాడు. వడ్ల రోజులు. త్రిపురారం నుంచి, మాడుగులపల్లి నుంచి ట్రాక్టర్లు వచ్చి గేటు దాకా నిలబడ్డాయి. నేను కిటికీలోంచే అడిగాను.

"ఇంకు దొరికిందా సార్?"

"దొరికింది. నువ్వు చెప్తే రాస్త."

"చెప్పిన గద, లేదని."

"చెప్పినవ్. మిగిలినయి అడిగితే సోంచాయించి లేదన్నవ్. గది అడగంగనే లేదన్నవ్. సోంచాయించి లేదన్నోడు నిజం చెప్తడు తమ్మీ. అడగంగనే లేదన్నోడికి ఉంటది." గొంతు తగ్గించాడు. "మా తమ్మునికి ఉండె. మా అమ్మ గూడ తలాపుకు గుత్తి తగిలిస్తుండె."

నేను చేతిలో ఉన్న కాటా చీటీని మడిచి పక్కన పెట్టాను.

"మీరు రాయకుంటే వేరేటోళ్లు రాస్తరు" అన్నాను. ఇంకేం అనాలో తెలియక అన్నాను.

"రాస్తరు. నేను గూడ రాసిన ఒకప్పుడు." కిటికీ ఊచ పట్టుకుని కాసేపు ట్రాక్టర్ల వైపు చూశాడు. "పాలకీడుల ఒక రైతు ఉండె. గుండెకు మందులు వాడుతుండె. నాకు తెలుసు. ఆయన దాయలే, నేనే అడగలే. అన్నిటికి లేదు లేదు అని గీకేసిన, జల్దీ అయితదని. రెండో ఏడు పొలంల పడి సచ్చిపోయిండు. కంపెనోళ్లు పైసలియ్యలే. దవాఖాన చీటీలు దొరికినయి గద."

"ఆయన ఇంటామె తిట్టిందా సార్?"

"తిడితే మంచిగుంటుండె. నాకు చాయ్ పోసి, 'సార్, మీకు తెలుస్తది గద, ఏ కాయితం తక్కువైందో చెప్పుండ్రి, తెచ్చిస్త' అన్నది. పిల్లను సంకనేసుకుని మూడుసార్లు సూర్యాపేటకొచ్చింది, గా కాయితం కోసం. తక్కువైంది కాయితం గాదని నాకు చెప్పనీకి నోరు రాలే."

వెనక ట్రాక్టరువాడు హారను కొట్టాడు. ఆయన తప్పుకుంటూ అన్నాడు, "నువ్వు నాతోని అబద్ధమాడు, పర్వాలేదు. ఫారంతోని ఆడకు. నువ్వు పోయినంక మాట్లాడేది అదొక్కటే."

ఆ రోజు ఎన్ని బండ్లు జోకానో గుర్తులేదు. నా కళ్ల ముందు మా ఇంటామె పాపను సంకనేసుకుని ఏదో కాయితం కోసం బస్సు ఎక్కుతోంది. ఇంటికి పోగానే, కాళ్లు కూడా కడుక్కోకుండా, మొత్తం చెప్పేశాను.

ఆమె జబ్బు గురించి ఒక్క మాట అనలేదు. లేచి పోయి మేకుకున్న గుత్తిని తీసింది.

"పెండ్లయిన కాన్నుంచి గీ చెవులు తుడిచి తుడిచి మళ్ల గా మేకుకే తగిలిస్తున్న. దిష్టికని చెప్తిరి. నువ్వు పక్కల్నే పడిపోతే, ఏమైందో తెల్వక నేను పిచ్చిదాన్లెక్క మొత్తుకుంటుంటి గద? గది ఒక్కసారన్న సోంచాయించినవా?"

ఆ గుత్తిని నా ఒళ్లో వేసి మర్నాడు పొద్దున పాపను తీసుకుని త్రిపురారం, తల్లిగారింటికి పోయింది. పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ నేను ఆయనను తిట్టని తిట్టు లేదు. నా సంసారంలో నిప్పులు పోసి తన దారిన తను పోయాడనుకున్నాను. శనివారం మళ్లీ కిటికీ దగ్గర కనిపిస్తే ముఖం మీదే అన్నాను, "మా ఇంటామె తల్లిగారింటికి పోయింది. మీ పాలసీ వద్దు, మీరు వద్దు."

"సరే" అన్నాడు. "ఆమె వస్తదా?"

"నాకేం తెలుసు?"

"వస్తది. కోపానికి పోయినోళ్లు వస్తరు. చెప్పకుండ పోయినోళ్లే రారు." అని తన దారిన పోయాడు.

ఆమె వచ్చింది. వస్తూనే, "దవాఖానకు పోదాం, డాక్టరును నేను అడగాలె" అంది. సూర్యాపేటలో డాక్టరు ఇనుము పెట్టద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏం పెట్టకుండా గడియారం చూడమని చెప్పాడు. ఆమె అన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. ఆ తర్వాత ఆమే సార్‌కు ఫోన్ చేసి పిలిచింది. ఈసారి ఆమెకు కుర్చీ ఎవరూ తిప్పాల్సి రాలేదు, ముందే కూర్చుంది. ఫిట్స్ ప్రశ్న వచ్చినప్పుడు నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పింది, ఎప్పుడు మొదలైంది, ఏ మందు, ఆఖరుసారి ఎప్పుడు అని. ఆయన ఒక్కొక్క ముక్కా రాశాడు. కంపెనీవాళ్లు పరీక్షలన్నారు, నెలలు తిప్పారు, కిస్తు పెంచారు. పాలసీ వచ్చింది. ఆ గుత్తి ఇప్పుడు పాప ఆటసామాన్లలో ఉంది.

నాలుగేళ్ల కింద ఒకసారి మళ్లీ వచ్చాయి. తెలివి వచ్చేసరికి పక్కకు తిరిగి పడుకుని ఉన్నాను. ఆమె గడియారం చూస్తూ, "రెండు నిమిషాలే" అంది. ఆ రెండు మాటలకు నేను ఆయనకు ఎంత బాకీ పడ్డానో ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

సార్ ఇంటికి ఫోన్ చేసిన ఆ పొద్దున, ఫోన్ పెట్టేశాక విషయం చెబితే ఆమె పాప జడకు రిబ్బను కట్టడం పూర్తి చేసి వంటింట్లోకి పోయింది. నేను మిల్లుకు పోయాను. సాయంత్రం వచ్చేసరికి ఆమె జాకెట్లు కుట్టే మిషను ఆగి ఉంది. పాప చాప మీద కూర్చుని రాసుకుంటోంది. ఆమె దీపం పెట్టి వచ్చి, రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసింది.

"ప్రతి ఏడు ఫోన్ పెట్టేసే ముందు సార్ నన్నొక మాట అడుగుతుండె" అంది.

"ఏమని?"

"'మరి నీ సంగతేంది చెల్లె?' అని. నాకెందుకు సార్ అని నవ్వి పెట్టేస్తుంటి." చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఈసారి అడిగితే చెప్పాలనుకున్న."

"ఏం చెప్పాలనుకున్నవ్?" అన్నాను.

"నువ్వు సచ్చిపోతే నేనేం చెయ్యాల్నో నాకు తెలుసు. ఏ కాయితం ఏడుందో, ఎవరికి ఫోన్ చెయ్యాల్నో, అన్నీ తెలుసు. నేను సచ్చిపోతే నీకేం తెలుసు?"

"దీపాలు పెట్టే వేళ గవేం మాటలు" అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

"పొద్దుగాలైతే నువ్వు మిల్లుకు పోతవ్."

సిగ్గేసింది నాకు. ఆమె కుట్టే జాకెట్లతోనే పాప బడి నడుస్తోందని తెలుసు. నేను పడిపోతే పక్కకు తిప్పే చేతులు ఆమెవేనని తెలుసు. ఆ చేతులు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఏడేళ్లలో ఒక్కసారి ఊహించలేదు. ప్రతి ఏడూ నాకు కాకుండా ఆమెకు ఆయన ఎందుకు ఫోన్ చేశాడో అప్పుడు తెలిసింది.

పాప దగ్గర పాత నోటుపుస్తకం ఒకటి తీసుకుని చివరి పేజీ తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయన ఉంటే ఏం చేసేవాడో గుర్తు తెచ్చుకుని, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కలం మూత తీశాను.

"చిన్నప్పుడు నీకేమన్న పెద్ద జబ్బు చేసిందా?"

పెళ్లయి ఎనిమిదేళ్లు దాటింది. ఈ మాట ఆమెను నేను ఎన్నడూ అడగలేదు.

ఆమె అడగంగనే లేదు అనలేదు. పాప రాత ఆపి తల్లి ముఖం చూసింది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆలోచిస్తోంది. నేను కలం పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.